ఒక ఎకరం మల్బరీ ఎన్ని ఎకరాల వాన తాగుతుంది?



పోయిన వారం మన గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. "రెండెకరాల వి-1 తోట ఉంది. సంక్రాంతి దాకా బోరు బాగానే పోసింది. ఇప్పుడు గంట నడిస్తే గాలి కక్కతా ఉంది. ఇంకో బోరు వేయిద్దామా, ఉన్నదాన్నే లోతు చేయిద్దామా?" జవాబుగా ఇద్దరు పాయింటు చూపించే వాళ్ల నంబర్లు పెట్టారు, ఒకరు బోరు బండి నంబరు పెట్టారు. తోటకు రోజుకు ఎన్ని లీటర్లు కావాలి, బోరు ఎన్ని లీటర్లు పోస్తా ఉంది అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఈ వారం పాఠం ఆ రెండు లెక్కల గురించే. శివరాత్రి దాటితే ఎండ ముదురుతుంది, ఆ తర్వాత లెక్క చేసి లాభం లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. కొంచెం పెద్దది, రాత్రి పురుగుకు మేత వేసి తీరిగ్గా చదవండి.

ముందు వాన లెక్క

మన ధర్మపురి జిల్లాలో ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది 4,047 లీటర్లు. అంటే ఏడాదిలో మీ ఎకరం మీద పడే వాన 34 లక్షల లీటర్లకు పైనే. వినడానికి చాలా పెద్ద సంఖ్య. కానీ అందులో ఎక్కువ భాగం ఎండకు ఆవిరైపోతుంది, గడ్డి, చెట్టూచేమా తాగుతాయి, కొంత వంకలోకి పారిపోతుంది. మన లాంటి రాతి నేలల్లో భూమిలోపలికి దిగి బావికీ బోరుకీ చేరేది వానలో సుమారు పదో వంతు. భూగర్భజలాల లెక్కలు కట్టే అధికారులు కూడా గ్రానైటు, నైసు రాళ్ల ప్రాంతానికి దాదాపు ఇంతే తీసుకుంటారు.

పదో వంతు అంటే 85 మిల్లీమీటర్లు. ఎకరాకు మూడు లక్షల నలభై వేల లీటర్లు. మీ ఎకరం నేల ఏడాదంతా కలిపి మీ బోరుకు ఇచ్చే జీతం ఇంతే అనుకోండి.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. జంట చాళ్ల పద్ధతిలో, అంటే చాలుకూ చాలుకూ మూడడుగులు, జంటకూ జంటకూ ఐదడుగులు, మొక్కకూ మొక్కకూ రెండడుగులు పెడితే ఎకరాకు 5,445 మొక్కలు వస్తాయి. డ్రిప్పు ఉన్న తోటలో ప్రూనింగ్ అయిన మొదటి రెండు వారాలు మొక్కకు రోజుకు ఒక లీటరు చాలు. రెండో పక్షంలో రెండు లీటర్లు. నెల దాటి ఆకు నిండుగా ఉన్నప్పుడు రెండున్నర నుంచి మూడు లీటర్లు. మొత్తం సరాసరి వేసుకుంటే ఎకరాకు రోజుకు 12,000 లీటర్లు. వాన రోజులు తీసేసి ఏడాదిలో 270 రోజులు నీళ్లు పెట్టామనుకుంటే 32 లక్షల లీటర్లు దాటుతుంది.

ఎకరం ఇచ్చేది 3.4 లక్షలు. ఎకరం మల్బరీ తీసుకునేది 32 లక్షలు. అంటే డ్రిప్పుతో, పొదుపుగా పెంచిన ఒక ఎకరం మల్బరీ తొమ్మిది పది ఎకరాల నేలలోకి దిగిన వాన తాగుతుంది.

కాలువ కట్టి పారించే వాళ్ల లెక్క ఇంకా పెద్దది. ఒక తడికి ఒకటిన్నర అంగుళం నీళ్లు అనుకుంటే ఎకరాకు లక్షా యాభై నాలుగు వేల లీటర్లు. ఏడాదికి నలభై తడులు కడితే 61 లక్షలు. పద్దెనిమిది ఎకరాల వాన! ఇందులో కొంత నీరు వేళ్లు దాటి మళ్లీ భూమిలోకే దిగుతుంది కాబట్టి అంతా నష్టం అనకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, డ్రిప్పు దగ్గర మళ్లీ దీని పని పడుతుంది.

ఏరు పక్కన, చెరువు కింద, కృష్ణగిరి డ్యాం కాలువ కింద ఉన్నవాళ్లకు ఈ లెక్క ఇలాగే వర్తించదు. వాళ్లకు ఊట వేరే దారిలో కూడా వస్తుంది. పాలక్కోడు, పెన్నాగరం, కారిమంగళం వైపు మెట్ట మీద బోరే దిక్కుగా ఉన్నవాళ్లకు మాత్రం అచ్చంగా ఇదే. సరిహద్దు అవతల కుప్పం, వి.కోట వైపు మన బంధువులు పెంచుతున్న తోటలదీ ఇంచుమించు ఇదే నేల, ఇదే కథ.

కింద సముద్రం లేదు

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. కింద ఎక్కడో నీళ్ల సముద్రం ఉంది, మనం ఇంకా దాని దాకా పోలేదు, ఇంకో రెండు వందల అడుగులు దిగితే తగులుతుంది అని. మన కింద ఉన్నది రాయి. పైన మెత్తబడిన రాతి పొర కొంత, దాని కింద గట్టి రాతిలో అక్కడక్కడ పగుళ్లు. నీళ్లు ఉండేది ఆ మెత్త పొరలోనూ, ఆ పగుళ్లలోనూ. నూరు లీటర్ల రాతిలో బోరుకు చిక్కే నీరు రెండు మూడు లీటర్లకు మించదు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయే గానీ పెరగవు.

దీన్నుంచి ఇంకో లెక్క వస్తుంది. నూటికి రెండు లీటర్ల చొప్పున చూస్తే, ఏడాది వానలో లోపలికి దిగే 85 మిల్లీమీటర్లు నీటి మట్టాన్ని పద్నాలుగు అడుగులు లేపుతాయి. ఒక ఎకరం మల్బరీకి తోడే 32 లక్షల లీటర్లు ఆ ఎకరం కిందినుంచే తీస్తే మట్టం 130 అడుగులు దిగాలి. ప్రతి ఏడాదీ మీ బోరులో అంత దిగడం లేదంటే అర్థం ఏమిటి? నీళ్లు పక్క పొలం కిందినుంచి, ఆ పక్క బీడు కిందినుంచి, గుట్ట కిందినుంచి వస్తున్నాయి. అందుకే నూరడుగుల దూరంలో పక్కాయన కొత్త బోరు వేస్తే మన బోరు సన్నబడుతుంది. ఒకే పగులుకు రెండు గొట్టాలు పెట్టి పీలుస్తున్నాం, అంతే. అన్నదమ్ములు ఒకే గట్టుకు అటూ ఇటూ బోర్లు వేసుకుని మాటలు మానేసిన ఊళ్లు మనకు తెలుసు.

లోతు నీళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరిగి ఉంటుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో ఈ బాధ ఎంత పెద్దదంటే, జపాన్ అప్పు తెచ్చి హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు తాగడానికి తెప్పించాల్సి వచ్చింది. 2013లో ఆ పథకం మొదలైంది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లు గారపడతాయి, ఎముకలు పట్టేస్తాయి. మల్బరీకి కడుతున్న బోరు నీళ్లనే తోటలో కూలికి వచ్చినవాళ్లూ, ఆవులూ తాగుతున్నాయి. బోరు లోతు చేయించేముందు ఇదీ తలచుకోండి.

2016లో ఈశాన్య రుతుపవనం మొహం చాటేసింది. 2017 జనవరిలో ప్రభుత్వం తమిళనాడు అంతటా కరువు ప్రకటించింది. ఆ ఎండాకాలం నేనూ అందరి మాదిరే బోరు మీద బోరు వేయించాను. రెండోది 900 అడుగులు. మూడు నెలలు పోసింది. దాని అప్పు మాత్రం నాలుగేళ్లు పోసింది. అందుకే ఈ విషయంలో నా గొంతు కొంచెం గట్టిగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

"రెండించీలు పోస్తాది" అంటే ఎంత?

బోరు ఎట్లుంది అని అడిగితే మనం చెప్పే జవాబు "రెండించీలు", "ఒకటిన్నర". ఇది బోరు బండి వాళ్లు వి ఆకారం గాటు ఉన్న రేకు పెట్టి కొలిచే కొలత. ఇందులో ఒక మోసం ఉంది. మోసం వాళ్లది కాదు, లెక్కది. రెండించీలు అంటే ఇంచీకి రెట్టింపు అనుకుంటాం. కాదు. గాటు పైకి పోయేకొద్దీ వెడల్పు అవుతుంది కాబట్టి నీళ్లు చాలా వేగంగా పెరుగుతాయి. ఒక ఇంచీ అంటే గంటకు సుమారు 500 లీటర్లు. ఒకటిన్నర అంటే 1,400. రెండించీలు అంటే దాదాపు 2,900. అంటే ఇంచీకి ఐదున్నర రెట్లు. ఇదే తిరగేసి చూడండి. మీ బోరు రెండు నుంచి ఒకటిన్నరకు దిగిందంటే "అర ఇంచీ తగ్గింది" అని సరిపెట్టుకుంటాం. నిజానికి సగం నీళ్లు పోయాయి.

కాబట్టి ఇంచీల మాట వదిలేయండి. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి, ఫోన్లో స్టాప్‌వాచీ చాలు. డెలివరీ పైపు డ్రమ్ములో పెట్టి నిండే టైము చూడండి. నాలుగు నిమిషాలు పడితే గంటకు 3,000 లీటర్లు. ఆరు నిమిషాలైతే 2,000. పది నిమిషాలైతే 1,200.

కొలిచేది ఒకసారి కాదు, మూడుసార్లు. మోటారు వేసిన ఐదు నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి. మొదట వచ్చేది రాత్రంతా బోరులో నిలిచిన నీరు. అది చూసి తోట పెంచితే, జేబులో ఉన్న డబ్బు చూసి నెల జీతం ఇంతే అనుకున్నట్టు. మూడు గంటల తర్వాత ఎంత పోస్తుందో అదే మీ బోరు అసలు తాహతు. నా బోరునే చెప్తాను. మొదట 3,000, గంటకు 2,000, మూడు గంటలకు 1,200. నేను చాలా ఏళ్లు "రెండించీల బోరు" అని గర్వంగా చెప్పుకున్నాను.

ఇంకో మాట, జనవరి కొలతతో మే నెలకు ప్లాను వేయకండి. నెలకొకసారి, అమావాస్యకో పౌర్ణమికో గుర్తుగా పెట్టుకుని కొలిచి గోడ మీద రాసి పెట్టండి. షెడ్డులో ఉష్ణోగ్రత రాసే పలక పక్కనే రాస్తే ఇంకా మంచిది. రెండేళ్లు రాస్తే మీ బోరు స్వభావం మీకు ఏ ఆఫీసరూ చెప్పలేనంత బాగా తెలుస్తుంది.

నీళ్లను బట్టి గుడ్లు

మనం అలవాటుగా చేసేది తలకిందుల లెక్క. షెడ్డు ఎంత ఉందో చూసి గుడ్లు ఎత్తుతాం, గుడ్లకు సరిపడా ఆకు ఉందా అని తోటను చూస్తాం, చివరికి తోటకు నీళ్లు చాలవని బోరును తిడతాం. ఎండాకాలంలో ఇది అటునుంచి ఇటు రావాలి.

నా బోరు లెక్కే తీసుకుందాం. స్థిరంగా గంటకు 1,200, రోజుకు ఆరు గంటలు నడిపితే 7,200 లీటర్లు. ఆకు నిండిన ఎకరానికి మే నెలలో 14,000 పైనే కావాలి. అంటే నా బోరు ఎండాకాలంలో పోషించగలిగేది అర ఎకరం. అర ఎకరం నుంచి ఎండాకాలం పంటకు రెండు టన్నుల ఆకు వస్తే మంచిదే అనుకోవాలి. కొమ్మ మేతకు వృథాతో కలిపి నూరు గుడ్లకు సుమారు 1,200 కిలోలు పోతుంది. కాబట్టి నేను ఎత్తాల్సింది 150 గుడ్లు. 300 కాదు.

"తోట రెండెకరాలు పెట్టుకుని 150 గుడ్లా?" అని మా ఇంట్లోనే నవ్వారు. ఆ కరువేడు నేను చేసింది 300 గుడ్లే. ఉన్న నీళ్లు రెండెకరాలకూ తలా కొంచెం పంచాను. ఏ మొక్కా చావలేదు, ఏ మొక్కా ఆకు సరిగా ఇవ్వలేదు. మూడో జ్వరం దాకా పురుగు బాగుంది. నాలుగో జ్వరం లేచి మేత అడిగే వేళకు ఆకు బిరుసెక్కింది. పురుగు తన జీవితంలో తినే మేతలో నూటికి ఎనభై పాళ్లు ఈ ఆఖరు వారంలోనే తింటుంది. ఆ వారంలో పక్కూరినుంచి ఆకు కొని తెచ్చాను, అది టెంపోలో వాడిపోయి వచ్చింది. గూళ్లు ఎత్తితే పల్చటివి. మార్కెట్లో రీలరు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఆడించి కింద పెట్టేశాడు, ఏమీ అనలేదు. గుడ్లు, చాకీ ఖర్చు రెట్టింపు, ఆకు కొన్న ఖర్చు అదనం, నూరు గుడ్లకు వచ్చింది నలభై కిలోలు. 150 గుడ్లు ఎత్తి కడుపునిండా మేపి, నూటికి డెబ్బై కిలోలు తీసినవాడికి 105 కిలోల మంచి గూళ్లు వస్తాయి. నాకు వచ్చింది 120 కిలోల పల్చటి గూళ్లు. ఎవరు బాగుపడ్డారో చెప్పనక్కర్లేదు.

మిగిలిన తోటను ఏం చేయాలి అంటే, పడుకోబెట్టండి. మల్బరీ వేరు లోతుకు పోయే చెట్టు, అంత సులువుగా చావదు. ఎండ ముదరకముందే కత్తిరించి, కొమ్మల చెత్త మొదళ్ల చుట్టూ కప్పి, పది పదిహేను రోజులకు ఒక ప్రాణం తడి ఇస్తే వాన పడగానే లేస్తుంది. నీళ్లు చాలనప్పుడు అన్నింటికీ సగం పెట్టేకంటే సగానికి పూర్తిగా పెట్టడం మేలు. ఇది రాయడం తేలిక. పచ్చటి తోటను చేతులారా ఎండబెట్టడం మనసుకు కష్టం. నాకు తెలుసు.

ఏ సగం ఉంచుకోవాలి? బోరుకు దగ్గరదీ, మట్టి లోతు ఎక్కువ ఉన్నదీ. గరుసు నేల సగాన్ని పడుకోబెట్టండి.

ఆకు చెప్పే మాటలు

పట్టుపురుగు నీళ్లు తాగదు. దానికి కావాల్సిన నీరంతా ఆకులోనుంచే రావాలి. చాకీ పురుగుకు ఆకులో 75 నుంచి 80 శాతం, పెద్ద పురుగుకు 70 శాతం దాకా తేమ ఉండాలి. మన దగ్గర తేమ కొలిచే మిషను లేదు గానీ కళ్లున్నాయి. పొద్దున పదకొండు గంటలకు లేత ఆకు వాలడం మామూలే. సాయంత్రం ఎండ దిగాక కూడా లేవలేదంటే వేరుకు నీళ్లు అందడం లేదు. ఆకును మడిచి వదిలితే పుటుక్కున విరిగితే బిరుసెక్కినట్టు. కింది ఆకులు పసుపు తిరిగి రాలుతుంటే మొక్క పొదుపు మొదలుపెట్టిందన్నమాట.

అలాంటి ఆకు వేస్తే పురుగు పైపైన కొరికి వదిలేస్తుంది, పడకలో ఆకు మిగిలిపోతుంది. మనం అరుగుదల లేదు, జబ్బు తగిలింది అనుకుని మందు పొడి చల్లుతాం. ఎండాకాలంలో "జబ్బు" అని ఫోను వచ్చినప్పుడు నేను మొదట అడిగేది బోరు ఎట్లుంది అనే. నిజంగా జబ్బే కావచ్చు, ఆకలితో నీరసించిన పురుగుకు పాల రోగం త్వరగా తగులుతుంది కూడా. కానీ మూలం షెడ్డులో కాకుండా తోటలో ఉంటే షెడ్డులో ఎంత మందు చల్లినా ఫలితం రాదు.

కొందరు వాడిన ఆకు మీద నీళ్లు చిలకరించి వేస్తారు. ఆకు పైన ఉన్న నీరు ఆకు లోపలి నీటికి బదులు కాదు. పడక తడిసి ఇంకో రోగం వస్తుంది. తెల్లవారుజామునే కొమ్మ కోయండి, నీడలో నిలువుగా పెట్టి తడి గోనెపట్టా కప్పండి. అంతకు మించి చేయగలిగింది లేదు.

డ్రిప్పు సంగతి

డ్రిప్పు పెట్టాల్సిందే, అందులో వాదన లేదు. తమిళనాడులో చిన్న, సన్నకారు రైతులకు నూటికి నూరు శాతం, మిగతావాళ్లకు 75 శాతం సబ్సిడీ ఉంది. తాలూకా ఆఫీసులో చిన్న రైతు సర్టిఫికెట్టు తీసుకోవాలి, పట్టా, అడంగల్ కాగితాలు సరిగ్గా ఉండాలి. మన నీళ్లలో సున్నం ఎక్కువ, చుక్క రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. నెలకొకసారి లేటరల్ చివర్లు విప్పి కడగండి. చాలు చివరి మొక్కల దగ్గర ఒక గ్లాసు పెట్టి మొదటి మొక్కతో పోల్చి చూడండి. నీళ్లు చాలడం లేదని బాధపడే తోటల్లో, నీళ్లు ఉండి కూడా చివరి మొక్కలకు అందనివి చాలా ఉంటాయి.

అయితే డ్రిప్పు గురించి ఎవరూ చెప్పని మాట ఒకటి ఉంది. పారించినప్పుడు వేళ్లు దాటి కిందికి దిగిన నీరు మళ్లీ భూమికే చేరేదని పైన చెప్పాను గదా. డ్రిప్పులో అలా దిగేది దాదాపు ఉండదు. తోడేది తగ్గుతుంది కాబట్టి పరవాలేదు. కానీ మిగిలిన నీళ్లతో పక్కన ఇంకో ఎకరం మల్బరీ నాటితే? తోడేది మళ్లీ మునుపటంతే అయింది, తిరిగి దిగేది మాత్రం పోయింది. బోరు మునుపటికన్నా త్వరగా ఎండుతుంది. డ్రిప్పు వచ్చాక బోర్లు నిలవాల్సిన చోట ఇంకా లోతుకు పోవడానికి ఇది ఒక కారణం. డ్రిప్పు పెట్టిన మొదటి రెండేళ్లు తోట పెంచకండి. మిగిలింది బోరులోనే ఉండనివ్వండి.

ఆటో స్టార్టరు ఉంటే తీసేయండి. కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతట అదే తిరుగుతుంది, మనం నిద్రలో ఉంటాం, నీళ్లు తోట దాటి దారిలోకి పోతుంటాయి. సేద్యానికి కరెంటు ఉచితం కాబట్టి నీళ్లూ ఉచితమే అనిపిస్తుంది. కిలో గూళ్లకు ఎన్ని నీళ్లు పోతున్నాయో ఒకసారి చూద్దాం. ఎకరాకు ఏడాదికి వెయ్యి గుడ్లు మేపి 700 కిలోలు తీస్తే, 32 లక్షల లీటర్లను దాంతో భాగిస్తే కిలోకు 4,600 లీటర్లు. ఆరున్నర కిలోల గూళ్లకు కిలో పట్టు వస్తుందనుకుంటే కిలో పట్టుకు 30,000 లీటర్లు. అర కిలో పట్టు పడే చీరలో 15,000 లీటర్ల ధర్మపురి నీళ్లు ఉన్నాయి. పెళ్లిలో చీర చూసినప్పుడు నాకిప్పుడు ఇదే గుర్తొస్తుంది, మా ఆవిడకు విసుగొస్తుంది.

నేలకు తిరిగి ఇవ్వడం

ఖర్చు తగ్గించాక రాబడి పెంచే దారి చూడాలి. జంట చాళ్ల మధ్య ఐదడుగుల ఖాళీలో ఒకటిన్నర అడుగు లోతు కందకం తీయండి, వాలుకు అడ్డంగా. ఒకే పొడుగు కందకం కాకుండా మధ్య మధ్య కట్ట వదిలి ముక్కలుగా తీస్తే నీరు ఒక చివరికి పారిపోకుండా ఎక్కడిదక్కడ ఇంకుతుంది. మీ ఎకరంలోంచి పారిపోయే వాన పదో వంతే అనుకున్నా అది 3.4 లక్షల లీటర్లు. దాన్ని నిలబెడితే మీ నేల ఇచ్చే జీతం రెట్టింపయినంత పని. కందకంలో కొమ్మల చెత్త, ఎండుటాకు నింపండి. మగ్గి మట్టిలో కలిసి తేమ పట్టి ఉంచుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. షెడ్డులోంచి తీసిన పడక చెత్తను పచ్చిదే కందకంలో వేయకూడదు. అందులో రోగపు పురుగులు, ఊజీ ఈగ ప్యూపాలు ఉంటాయి. అదే రోగం ఆకు మీదుగా తిరిగి షెడ్డులోకి వస్తుంది. కంపోస్టు గుంతలో మూసి బాగా మగ్గించాకే తోటకు వేయాలి.

తొలకరికి ముందు ఖాళీల్లో జనుమో జీలుగో చల్లి, పూత దశలో, నలభై ఐదు రోజులకు దున్నేయండి. చెరువు ఎండినప్పుడు అనుమతి తీసుకుని వండ్రు మట్టి తోలుకోండి. ఎర్ర గరుసు నేలకు ఇంతకన్నా మంచి మందు లేదు. చెరువు కూడా ఆ మేరకు లోతవుతుంది, చుట్టూ బోర్లకు ఊట వస్తుంది.

షెడ్డు పైకప్పు నీళ్ల గురించి చాలామంది అడుగుతున్నారు. 50 అడుగుల పొడుగు, 20 అడుగుల వెడల్పు షెడ్డు మీద ఏడాదికి 79,000 లీటర్ల వాన పడుతుంది, పట్టగలిగేది 60,000 పైచిలుకు. ఎకరం తోటకు ఐదు రోజుల నీళ్లు. కాబట్టి దీంతో తోట పండుతుందని పెద్ద ఆశ పెట్టుకోవద్దు. కానీ శుభ్రమైన నీరు, బోరు పక్కన ఇసుక, కంకర నింపిన గుంతలోకి మళ్లించడానికి పనికొస్తుంది. ఆ గుంతలోకి షెడ్డు కడిగిన నీళ్లు మాత్రం పోనివ్వకండి. బ్లీచింగు, ఫార్మాలిన్, సున్నం అన్నీ బోరులోకి దిగుతాయి. కొట్టం నీళ్లూ అంతే. మొదటి వాన నీటిని బయటికి వదిలేసి తర్వాతిది పట్టండి.

నిజంగా నీళ్లు లేనివాళ్లకు ఒక మాట. గంటకు 500 లీటర్లు కూడా స్థిరంగా పోయని బోరు మీద పొద మల్బరీ నాటకండి. చెట్టు మల్బరీ చూడండి. పది అడుగులకు ఒకటి చొప్పున ఎకరాకు 435 చెట్లు. మొదటి రెండేళ్లు సాకాలి, ఆకు తక్కువే వస్తుంది, ఏడాదికి రెండు మూడు పంటలే. కానీ వేరు లోతుకు పోయాక ఎండను తట్టుకుంటుంది. మధ్యలో రాగులో ఉలవలో వేసుకోవచ్చు. నాటేముందు పట్టు పరిశ్రమ శాఖ ఆఫీసులో మీ మట్టి చూపించి అడగండి.

ఇక ఆ ప్రశ్న వేసిన అన్నకు నా జవాబు. ఈ వారమే డ్రమ్ము పెట్టి మూడుసార్లు కొలవండి. మూడు గంటల కొలతను మీరు నడిపే గంటలతో హెచ్చించి, 14,000తో భాగించండి. అన్ని ఎకరాలకే ఈ ఎండాకాలం ప్రూనింగ్ చేసి గుడ్లు బుక్ చేయండి, మిగిలింది పడుకోబెట్టండి. కొత్త బోరు మాట వానాకాలం దాటాక మాట్లాడుకుందాం. అప్పటికీ వేయాలనిపిస్తే గట్టు అవతల ఉన్నాయనను కూడా పిలిచి కూర్చోబెట్టుకుని మాట్లాడండి, ఆయన తోటకూ మీ తోటకూ కలిపి ఒక్కటి చాలేమో చూడండి.

మిగతావాళ్లు కూడా మీ మూడు కొలతలు, తోట ఎంత, డ్రిప్పా పారకమా అన్నది గ్రూపులో పెట్టండి. ఊరి పేరు చాలు. వచ్చే వారం వాటన్నిటినీ ఒక పట్టికగా వేసి పంపుతాను.